రెండు గంటల రేడియో చాలు, అది మన ఊరిదైతే

1930 ఏప్రిల్ 1న మద్రాసు నగర కార్పొరేషన్ సొంతంగా రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ స్టేషన్ దినచర్య ఇవాళ చూస్తే చాలా చిన్నది. సాయంత్రం 4 నుంచి 4.30 దాకా కార్పొరేషన్ బడి పిల్లలకు పాఠాలు. 5.30 నుంచి 7.30 దాకా సంగీతం, కథలు. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో పొద్దున 10 నుంచి 11 దాకా గ్రామఫోను రికార్డులు. తక్కిన పొద్దంతా ఆ స్టేషన్ మౌనంగా ఉండేది. రేడియో సెట్టు కొనగలిగిన ఇళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే కార్పొరేషన్ మెరీనా ఒడ్డున, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టించింది. సెట్టు లేనివాడికీ, వినడానికి లైసెన్సు రుసుము కట్టలేనివాడికీ కచేరీ చెవినబడింది. రోజుకు మూడు గంటలు మించని ఈ ప్రసారంలో మనం మరిచిపోయిన తెలివి ఒకటుంది. బడి ఎప్పుడు వదులుతారు, జనం ఎప్పుడు పని దిగుతారు, ఎక్కడ నాలుగు నిమిషాలు కూర్చుంటారు అని ముందు చూసుకుని, ఆ వేళకు, ఆ చోటికి రేడియోను తీసుకుపోయారు. ఊరి రోజును బట్టి రేడియో రోజు ఏర్పడింది. చెన్నేకొత్తపల్లి లాంటి మెట్టప్రాంతపు మండలానికి ఇవాళ కావలసింది సరిగ్గా అలాంటి రేడియో. దాన్ని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుతుంది, యంత్రం అందుబాటులో ఉంది, నడపగల మనుషులూ ఉన్నారు. లేనిదల్లా మన గొంతు గాలికెక్కాలన్న పట్టుదల.

మనదేశంలో రేడియో పుట్టిందే చిన్న చిన్న చోట్ల, సొంత ఉత్సాహం మీద. మద్రాసులో 1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. అదే ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. మొదటి ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, అంటే ఇప్పుడు మన ఇళ్లల్లో గోడకు బిగించే రెండు ట్యూబులైట్లు తాగే కరెంటు పాటి. తరవాత దాన్ని 200 వాట్లకు పెంచుకున్నారు. అప్పటికి ప్రభుత్వ రేడియో అన్నదే లేదు. బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్ తెరిచింది 1927 జూలై 23న. అంతకు మూడేళ్ల ముందే మద్రాసులో కొద్దిమంది ఔత్సాహికులు తమ చేతులతో ఆ పని చేసి చూపించారు. హైదరాబాదులో 1930ల మొదట్లో మహబూబ్ అలీ తన ఇంటి నుంచే చిన్న స్టేషన్ నడిపారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా అది ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ మాటలనూ వినిపించింది. ఈ స్టేషన్లు పెట్టినవాళ్లెవరూ దేశమంతా వినాలని అనుకోలేదు. తమ చుట్టుపక్కలవాళ్లు వింటే చాలనుకున్నారు.

మైసూరు కథ మన సీమకు ఇంకా దగ్గరిది. అక్కడి మహారాజా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఎం.వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరులో తన ఇంట్లోనే రేడియో స్టేషన్ పెట్టారు. జీతం రాళ్లలోంచి తీసి ఖర్చు పెట్టి, ఇంటి గదినే స్టూడియో చేసి, కవులనూ గాయకులనూ పిలిచి మాట్లాడించారు. ఆ స్టేషన్ పేరు ఆకాశవాణి. ఆ పేరు సూచించింది అక్కడే పనిచేస్తున్న నా. కస్తూరి అని కన్నడిగులు చెప్పుకుంటారు. రెండు దశాబ్దాల తరవాత 1957లో ఆలిండియా రేడియో మొత్తం ఆ పేరునే తీసుకుంది. అదే కస్తూరి తరవాతి కాలంలో చెన్నేకొత్తపల్లికి పొరుగునే ఉన్న పుట్టపర్తిలో స్థిరపడి, అక్కడి సనాతన సారథి పత్రికకు తొలి సంపాదకుడయ్యారు. దేశపు రేడియో ఇప్పటికీ మోస్తున్న పేరు ఢిల్లీ కార్యాలయంలో పుట్టలేదు. ఒక అధ్యాపకుడి ఇంట్లో, చుట్టుపక్కల జనం వింటే చాలనుకున్న స్టేషన్‌లో పుట్టింది. చిన్న స్టేషన్ అంటే పెద్ద స్టేషన్‌కు పేద చుట్టం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తరవాత రేడియో పెరిగింది. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసులో ఆ సంస్థ స్టేషన్ మొదలైంది. దాని షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ శక్తి 10 కిలోవాట్లు. మద్రాసు నుంచి మన పెనుకొండ దాకా గీత గీస్తే దాదాపు 300 కిలోమీటర్లు. క్లబ్బు వాళ్ల 200 వాట్లకు అందని దూరాలు షార్ట్‌వేవ్‌కు అందాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ, 1963లో కడప, 1990లలో అనంతపురం స్టేషన్లు వచ్చాయి. వీటివల్ల తెలుగువాళ్లకు కలిగిన మేలు తక్కువది కాదు. శాస్త్రీయ సంగీతం జమీందారు కచేరీ సావడి దాటి గుడిసె దాకా వచ్చింది. రేడియో నాటకం అక్షరం రానివాళ్లకూ సాహిత్యాన్ని వినిపించింది. వ్యవసాయ కార్యక్రమాలు కొత్త విత్తనం గురించి, ఎరువు గురించి చెప్పాయి. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట అనాలి. మాట నడిచే దారి ఒకవైపుకే మిగిలిపోయింది. నగరంలో ఉన్నవాడు చెప్పాలి, పల్లెలో ఉన్నవాడు వినాలి. పల్లె మనిషి గొంతు రేడియోలో వినబడిందంటే అది ఎప్పుడో జరిగే విశేషం. ఎంత దూరం వినబడుతుందన్నది లెక్కలోకి వచ్చి, ఎవరి మాట వినబడుతుందన్నది లెక్క తప్పింది.

ఈ లెక్క తప్పితే నష్టం ఎంతో చెన్నేకొత్తపల్లిని చూస్తే తెలుస్తుంది. అందరూ సి.కె.పల్లి అని పిలిచే ఈ ఊరు బెంగళూరు, హైదరాబాదు హైవే పక్కన ఉంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన పాత అనంతపురం జిల్లా ఇది. ఇక్కడ వాన మండలమంతా ఒక్కలా పడదు. ఒక ఊరి చెరువులోకి నీళ్లొచ్చిన రోజున పక్క ఊరి చేలో దుమ్ము లేస్తుంది. శెనక్కాయ విత్తడానికి పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ అదును తప్పితే ఆ ఏటి కష్టం తప్పినట్టే. అలాంటి చోట జిల్లా మొత్తానికి కలిపి చెప్పే వాతావరణం మాట రైతుకు సగమే పనికొస్తుంది. తమ పక్క వంకలో నీళ్లు వచ్చాయా, ఎవరి చేలో పురుగు కనబడింది, హిందూపురం మార్కెట్లో ఇవాళ పట్టుగూళ్లు ఎంత పలికాయి, ధర్మవరంలో నేతపనికి కూలి ఎంత ఇస్తున్నారు, పశువుల డాక్టరు రేపు ఏ ఊరికి వస్తున్నాడు అన్నవి ఇక్కడి మనిషి బతుకును నేరుగా తాకే సంగతులు. ఇవి ఏ రాజధాని స్టూడియోకూ తెలియవు. తెలిసినా వాటికి అక్కడ చోటు లేదు. వీటిని చెప్పగలిగినవాళ్లు ఈ మండలంలోనే ఉన్నారు. కొర్ర, సామ, ఆరికల విత్తనం ఏళ్ల తరబడి దాచుకున్న ముసలమ్మకు తెలిసినది పుస్తకంలో దొరకదు. ఆమె పోతే ఆమెతోపాటే పోతుంది.

పల్లె జనం రేడియో వినడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. 1935లోనే పెషావరు చుట్టుపక్కల పల్లెల్లో ఊరుమ్మడి సెట్లు పెట్టి చూశారు. అసలు పాఠం 1956లో పుణె నుంచి వచ్చింది. యునెస్కో సాయంతో మహారాష్ట్రలోని 5 జిల్లాల్లో దాదాపు 150 పల్లెల్లో రేడియో గ్రామీణ వేదికలు పెట్టారు. ప్రతి ఊళ్లో కొంతమంది ఒకచోట కూర్చుని ఆకాశవాణి కార్యక్రమం వినేవాళ్లు. విన్నాక చర్చించేవాళ్లు. తమ సందేహాలు, ఒప్పుకోని సంగతులు స్టేషన్‌కు రాసి పంపేవాళ్లు. స్టేషన్ వాటికి జవాబులు చెప్పేది. దీన్ని పరిశీలించిన పాల్ న్యూరాత్ వేదికలు ఉన్న ఊళ్లను, రేడియో ఉండి వేదిక లేని ఊళ్లను, రేడియోయే లేని ఊళ్లను పోల్చి చూశారు. వేదికలు ఉన్న ఊళ్లలో జనం తెలుసుకున్నది చాలా ఎక్కువ అని తేలింది. పెట్టె ఉండి కూర్చుని మాట్లాడుకోవడం లేని ఊళ్లలో తేడా కొద్దిగానే కనబడింది. మేలు చేసింది పెట్టె కాదని, ఎదురు మాట చెప్పే అవకాశమని దీని సారాంశం. మెరీనా ఇసుకలో నలుగురు కూర్చుని వినడానికీ, పుణె పల్లెల్లో కూర్చుని చర్చించడానికీ మధ్య ఉన్న మెట్టు అదే. అయినా ఆ వేదికలు కూడా వేరేవాళ్లు తయారుచేసిన కార్యక్రమాన్నే విన్నాయి. మిగిలిన మెట్టు ఒక్కటే, కార్యక్రమాన్ని ఊరే తయారుచేయడం.

ఆ మెట్టు ఎక్కినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. కర్ణాటకలో కోలారు జిల్లా బూదికోటలో 2000ల మొదట్లో నమ్మ ధ్వని పేరుతో ఊరివాళ్లే స్టూడియో నడిపారు. గాలిలో ప్రసారానికి అనుమతి లేదు కాబట్టి కేబుల్ వైరు లాగి ఇళ్లకు మాట పంపారు. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో పొదుపు సంఘాల మహిళలు మన రేడియో అని పెట్టుకుని, అతి చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ఊరి దాకా వినబడేలా ప్రసారం చేశారు. లైసెన్సు లేదని కొద్ది నెలలకే దాన్ని ఆపించారు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆ కాలమంతా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల కూటముల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న మాచ్‌నూరు నుంచి సంగం రేడియో గాలికెక్కింది. దాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో చరిత్రాత్మక తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఒకరు. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. సంగం రేడియో రోజూ సాయంత్రం 7 నుంచి 9 దాకా మాట్లాడింది. పొలం పని ముగిసి, పొయ్యి మీద అన్నం ఉడికే వేళ అది. 1930 మద్రాసు లెక్కా, 2008 మాచ్‌నూరు లెక్కా ఒకటే. సాయంత్రం రెండు గంటలు, జనానికి వీలైన వేళ.

చట్టం కూడా ఇప్పుడు అడ్డు కాదు. 2002 చివర్లో విద్యాసంస్థలకు, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు, సొసైటీలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు సముదాయ (కమ్యూనిటీ) రేడియో పెట్టుకునే వీలు కలిగింది. దేశంలో ఇప్పటికి 500కు పైగా అలాంటి స్టేషన్లు ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 50 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. 1924లో మద్రాసు క్లబ్బు మొదలైన 40 వాట్లకు అది పక్కిల్లే. ఎఫ్ఎం కాబట్టి, శక్తీ తక్కువ కాబట్టి వినబడేది చుట్టూ 10 కిలోమీటర్ల దరిదాపుల్లోనే, కానీ ఒక మండలానికి ఆ మాత్రం చాలు. సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు కావాలని నిబంధన. సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు, ఆ నిషేధం సడలాలి. అయితే వాతావరణం, నీళ్ల సరఫరా, కరెంటు కోతలు, పరీక్షల సమాచారం, స్థానిక జాతరలు వార్తల కింద లెక్కకు రావు. సి.కె.పల్లికి మొదట కావలసినవి అవే. ఇదే ప్రాంతం నుంచి పోల్చి చూడదగ్గ సంగతి మరొకటి ఉంది. 2001 నవంబరులో పుట్టపర్తి నుంచి రేడియో సాయి వరల్డ్‌స్పేస్ ఉపగ్రహం ద్వారా మొదలై సముద్రాల అవతల వినబడింది. 2009 చివర్లో వరల్డ్‌స్పేస్ మన దేశంలో సేవలు ఆపేసింది. ఉపగ్రహానికి మాట పంపగల ఈ నేల మీద, పక్క ఊరికి మాట చేరవేయడానికి చిన్న స్టేషన్ పెట్టుకోలేమనడం నమ్మదగ్గ మాట కాదు.

చేతిలో ఫోను ఉండగా రేడియో ఎవరు వింటారన్నది మొదటి అభ్యంతరం. ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సినది కాదు. పాతికేళ్ల కుర్రాడు రేడియో సెట్టు కొంటాడని ఎవరూ చెప్పలేరు. కానీ ఫోను అందరికీ ఒకేలా అందదు. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది తరచు మగవాడి జేబులో ఉంటుంది. డేటాకు డబ్బు కావాలి, చదవడం రావాలి, కన్నూ చెయ్యీ రెండూ దానికే అప్పగించాలి. మగ్గం ముందు కూర్చున్నవాడి చేతులు ఖాళీగా ఉండవు. కలుపు తీసే ఆడమనిషి కళ్లు ఖాళీగా ఉండవు. వాళ్ల చెవులు ఖాళీగా ఉంటాయి. రేడియో అడిగేది చెవినే. ఇంకో సంగతి, వాట్సాప్‌లో వచ్చిన మాటను ఎవరు అన్నారో తెలియదు, తప్పయితే అడగడానికి మనిషి దొరకడు. ఊరి రేడియోలో మాట్లాడినవాడు మర్నాడు పొద్దున బస్టాండులో కనబడతాడు. తప్పు చెబితే నలుగురూ నిలదీస్తారు. ఆ జవాబుదారీతనం ఏ యాప్‌కూ లేదు. అయినా రేడియోకూ ఫోనుకూ పోరు పెట్టనక్కరలేదు. సాయంత్రం ప్రసారమైనదాన్ని రాత్రికి ఫోన్లలో పంచుకోవచ్చు, వినేవాళ్లు తమ ప్రశ్నను గొంతుతోనే రికార్డు చేసి పంపొచ్చు. పుణె పల్లెలవాళ్లు ఉత్తరం రాసి ఎదురుచూసిన జవాబు మర్నాటికే వస్తుంది.

డబ్బు సంగతి రెండోది, నిజానికి బరువైనది. చరిత్ర చూస్తే చిన్న స్టేషన్లను చంపింది ఎక్కువసార్లు డబ్బే. మద్రాసు క్లబ్బు 1927 అక్టోబరులో ఖర్చు భరించలేక మూతబడింది. లక్షల పెట్టుబడితో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కూడా మూడేళ్లు నిండకుండానే 1930 మార్చిలో దివాలా తీసింది. ఏడాదికి 10 రూపాయల లైసెన్సు రుసుము మీద ఆ కంపెనీ ఆశ పెట్టుకుంది. దేశమంతటా లైసెన్సులు 8 వేలకు కూడా చేరలేదు. ఈ రెండు పతనాల తరవాత మొదలైన మద్రాసు కార్పొరేషన్ రేడియో మాత్రం నిలబడింది. క్లబ్బు అప్పగించిన ట్రాన్స్‌మిటర్‌తో మొదలై, ఆలిండియా రేడియో వచ్చే 1938 దాకా 8 ఏళ్లు నడిచింది. తేడా ఎక్కడుందో స్పష్టం. వినేవాడి జేబులోంచి రుసుము రాబట్టాలనుకున్న రేడియో పోయింది. వీధిదీపంలా, మంచినీళ్ల కుళాయిలా ఊరుమ్మడి సౌకర్యం అనుకున్న రేడియో నిలిచింది. కాబట్టి స్టేషన్ భారాన్ని ఒక దాత మీదో, ఒక సంస్థ మీదో వేయకూడదు. పంచాయతీలు తమ ప్రకటనలు, గ్రామసభల సమాచారం దీని ద్వారా చెప్పించి అందుకు రుసుము చెల్లించొచ్చు. ఆరోగ్య, వ్యవసాయ శాఖలు కూడా అలాగే చేయొచ్చు. స్థానిక ప్రకటనలకు పరిమితి మేరకు అనుమతి ఉంది, కేంద్రం సాయం చేసే పథకమూ ఉంది. సహకారంగా డబ్బు నడపడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుభూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ పరిధిలో మహిళలు పొదుపు సహకార సంఘాలు పెట్టుకుని, లెక్కలు తామే రాసుకుంటూ నడుపుకుంటున్నారు. అప్పు ఇచ్చి వసూలు చేసుకోగల మహిళలకు రెండు గంటల ప్రసారం నడపడం అసాధ్యం కాదు.

మూడో భయం సీమవాళ్లకు చెప్పనక్కరలేనిది. మైకు ఎవడి చేతిలో ఉంటే ఊరు వాడిదవుతుందని, ఒక వర్గమో, ఒక పార్టీయో, ఒక కులమో స్టేషన్‌ను ఆక్రమిస్తుందని. ఈ భయానికి ఆధారం ఉంది. అందుకే రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు లైసెన్సు ఇవ్వకూడదని నిబంధనలోనే ఉంది. అది చాలదు. నిర్వాహక సంఘంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఎస్సీ కాలనీలకు, చేనేత కుటుంబాలకు, కౌలురైతులకు తప్పనిసరిగా చోటుండాలి. ఏ ఊరికి ఎన్ని నిమిషాలు ఇచ్చారో నెలనెలా పంచాయతీ గోడ మీద రాసి పెట్టాలి. పెత్తనం దాక్కునేది చీకట్లో, లెక్క బయట పెడితే దానికి చోటు తగ్గుతుంది. ఇప్పుడు మాత్రం మాట సమానంగా పంచబడి ఉందా? బలమైనవాడి మాట ఎలాగూ వినబడుతూనే ఉంది. వినబడనిది తక్కినవాళ్లదే. మాచ్‌నూరులో ఊరి చివర ఉన్నవాళ్లే స్టూడియో నడిపారన్నది ఈ భయానికి అన్నిటికన్నా గట్టి జవాబు. ఇక అనంతపురం ఆకాశవాణి ఉండగా మరొకటి ఎందుకంటారా? ఉమ్మడి జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్లు. అంత నేలను చూసుకునే స్టేషన్ ఒక్కో మండలపు వంకనూ కుంటనూ పట్టించుకోవాలనడం న్యాయం కాదు. పెద్దాసుపత్రి ఉందని ఊళ్లో నర్సమ్మ వద్దనం కదా.

అందువల్ల అడగాల్సింది పెద్దదేమీ కాదు. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా రైతులు, నేతవాళ్లు, పొదుపు సంఘాల మహిళలు, టీచర్లు కలిసి ఒక సొసైటీగా ముందుకు రావాలి. లైసెన్సు వచ్చేదాకా ఆగకుండా జహీరాబాద్ మహిళల్లా ఇప్పుడే రికార్డు చేయడం మొదలుపెట్టాలి. ఏ ఊళ్లో ఎంత వాన పడిందో, ఏ విత్తనం నిలిచిందో, ఏ పాట ఇంకా ఎవరికి వచ్చో సేకరించి గ్రామసభలో వినిపించాలి. లైసెన్సు వచ్చిన రోజున దినచర్య కోసం వెతుక్కోనక్కరలేదు, 1930లోనే ఒకటి రాసిపెట్టి ఉంది. బడి వదిలే ముందు పిల్లలకు అరగంట. పొయ్యి వెలిగించే వేళ రెండు గంటలు. ఆదివారం పొద్దున ఒక గంట పాటలకు. బస్టాండులో ఒక లౌడ్‌స్పీకర్, సెట్టు లేనివాళ్ల కోసం. తొంభై ఏళ్ల కింద మద్రాసులో లేని మార్పు ఒక్కటే మనం చేయాలి. ఆ రోజు మెరీనా ఇసుకలో కూర్చున్నవాళ్లకు వినడానికి మాత్రమే వీలుంది. సి.కె.పల్లి బస్టాండులో కూర్చున్నవాళ్లు లేచి వెళ్లి, మర్నాడు అదే మైకు ముందు మాట్లాడగలగాలి.